యాంటీబాడీలు లేని వానపాము సూక్ష్మజీవులను ఎలా పసిగడుతుంది?

ప్రశ్న: మట్టివాసన

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. వానపాములు, జలగల వంటి ఖండిత పురుగుల సమూహమైన అనెలిడా వర్గం గురించి చదివేటప్పుడు వానపాము శరీర కుహర ద్రవంలో భక్షక కణాలు, శ్లేష్మ కణాలు, వర్తుల కేంద్రక కణాలు, క్లోరగోజెన్ కణాలు ఉంటాయనీ, వీటిలో భక్షక కణాలు బాక్టీరియాను మింగి చంపుతాయనీ నేర్చుకున్నాము. మా పుస్తకంలో రోగనిరోధకత గురించి ఉన్నది ఆ ఒక్క వాక్యమే. ఆ తరువాత పాఠం విసర్జన వ్యవస్థలోకి వెళ్లిపోయింది.

నా సందేహం అక్కడే మొదలైంది. పిడికెడు తోటమట్టిలోనే బాక్టీరియా కోట్ల కొద్దీ ఉంటుంది, శిలీంధ్రాలూ ప్రోటోజోవాలూ అదనం. వానపాము ఆ మట్టిలోనే తిరుగుతుంది, ఆ మట్టినే తింటుంది, తడి చర్మం ద్వారానే శ్వాసిస్తుంది. పైగా ఫెరెటిమా అనే వానపాములో పన్నెండో ఖండితం దాటిన తరువాత దాదాపు ప్రతి రెండు ఖండితాల మధ్యా వీపు మీద ఒక పృష్ఠ రంధ్రం ఉంటుంది, అంటే దాని శరీర కుహరం నేరుగా బయటికి తెరుచుకునే ఉంటుంది. మన ఉదర కుహరంలోకి ఇలా మట్టినీరు చేరితే మనం బతకడం కష్టం. అది మాత్రం సంవత్సరాల తరబడి బతుకుతుంది.

అందువల్ల తెలిసినవారిని అడుగుతున్నాను. ఎదురుగా ఉన్నది బాక్టీరియానా, మట్టి రేణువా, తన సొంత కణమా అన్నది ఆ భక్షక కణానికి ఎలా తెలుస్తుంది? భక్షక కణం కంటే ఎన్నో రెట్లు పెద్దదైన పరాన్నజీవి లోపలికి వస్తే మింగడం సాధ్యం కాదు కదా, అప్పుడు ఏమి జరుగుతుంది? ఒకసారి ఎదుర్కొన్న సూక్ష్మజీవిని వానపాము రెండోసారి గుర్తుపడుతుందా? వెన్నెముక గల జంతువులకు తప్ప మరి దేనికీ అటువంటి జ్ఞాపకం లేదని మా అధ్యాపకులు చెప్పారు, కాని దానికి ఆధారం ఏమిటో వివరంగా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: సూక్ష్మదర్శిని

మట్టివాసన గారూ, మీ మొదటి ప్రశ్నకు సమాధానం తెలిస్తే మిగతావి చాలావరకు సులభమవుతాయి కనుక దానితోనే మొదలుపెడతాను. నేను ఎక్కువగా ఐసీనియా ఫెటిడా గురించి చెబుతాను, ఎందుకంటే వానపాముల రోగనిరోధకత మీద జరిగిన పరిశోధనలో సింహభాగం ఆ జాతి మీద, దాని దగ్గరి బంధువైన ఐసీనియా ఆండ్రై మీద జరిగింది. మన దగ్గర వర్మీకంపోస్టు తయారీలో వాడే ఎర్రలలో అది ముఖ్యమైనది.

వానపాముకు ప్రతి బాక్టీరియా జాతినీ విడివిడిగా గుర్తించే ఏర్పాటు లేదు, దాని అవసరమూ లేదు. సూక్ష్మజీవుల కణకవచాలలో కొన్ని పదార్థాలు తప్పనిసరిగా ఉంటాయి, జంతు కణాలలో అవి ఉండవు. గ్రామ్ నెగటివ్ బాక్టీరియా బయటి పొరలో లిపోపాలీసాకరైడ్ ఉంటుంది. బాక్టీరియా కణకవచంలో పెప్టిడోగ్లైకాన్ ఉంటుంది. శిలీంధ్రాల, ఈస్టుల కణకవచంలో బీటా-1,3-గ్లూకాన్ ఉంటుంది. సూక్ష్మజీవి వీటిని అంత సులభంగా వదులుకోలేదు, వదులుకుంటే దాని కణకవచమే నిలబడదు. కాబట్టి వీటిని పట్టుకోగల అణువులు కొన్ని ఉంటే చాలు, వేల జాతుల సూక్ష్మజీవులు పసిగట్టబడతాయి. మట్టి రేణువులో ఈ పదార్థాలు లేవు, వానపాము సొంత కణంలోనూ లేవు. మీరు అడిగిన తేడా ప్రధానంగా ఇక్కడ తెలుస్తుంది.

అటువంటి అణువులలో బాగా అధ్యయనం చేసినది సీలోమిక్ సైటోలిటిక్ ఫ్యాక్టర్, క్లుప్తంగా సీసీఎఫ్. దీని అణుభారం 42 కిలోడాల్టన్లు. ఐసీనియా శరీర కుహర ద్రవం నుంచి దీనిని వేరుచేసి, దాని పనితీరును 1990లలో వెలుగులోకి తెచ్చిన వారిలో ప్రేగ్ నగరంలోని మార్టిన్ బిలేయ్ బృందం ప్రముఖమైనది. సీసీఎఫ్‌లో రెండు వేర్వేరు బంధన స్థానాలు ఉన్నాయి. ఒకటి లిపోపాలీసాకరైడ్‌నూ బీటా-1,3-గ్లూకాన్‌నూ పట్టుకుంటుంది, రెండోది పెప్టిడోగ్లైకాన్‌లో కనిపించే ఒక చక్కెర జంటను పట్టుకుంటుంది. ఈ అణువు వాటిలో దేనికి అతుక్కున్నా శరీర కుహర ద్రవంలో నిద్రాణంగా ఉన్న ప్రోఫినాల్‌ఆక్సిడేజ్ అనే ఎంజైమును మేల్కొలిపే గొలుసు చర్య మొదలవుతుంది. ఆ ఎంజైము వల్ల పుట్టే క్వినోన్లు సూక్ష్మజీవులకు విషం, అవే చివరకు మెలనిన్‌గా మారి గోధుమ, నలుపు రంగు పదార్థాన్ని ఇస్తాయి. కీటకాలలో, రొయ్యలలో ఈ గొలుసు చర్య మరింత బలంగా కనిపిస్తుంది. వానపాములో అది నెమ్మదిగా సాగుతుంది, కాని ఉంది.

ఇక్కడ నన్ను అమితంగా ఆకట్టుకున్న విషయం ఒకటి ఉంది. వేర్వేరు వానపాము జాతులలో సీసీఎఫ్‌ను పోల్చి చూసినప్పుడు, పైన చెప్పిన రెండు స్థానాలూ పనిచేసేది ఐసీనియా ఫెటిడాలోనే అని తేలింది. పోల్చి చూసిన ఇతర జాతులలో అది లిపోపాలీసాకరైడ్‌నూ గ్లూకాన్‌నూ మాత్రమే పట్టుకుంటుంది. ఐసీనియా నివసించేది పేడకుప్పలలో, కుళ్లుతున్న ఆకుచెత్తలో. సాధారణ నేలతో పోలిస్తే అక్కడ సూక్ష్మజీవుల తాకిడి చాలా ఎక్కువ. గుర్తింపు పరిధి విస్తరించడానికి ఆ నివాసమే కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు, నాకు కూడా అది సమంజసంగా తోస్తుంది.

సీసీఎఫ్ ఒక్కటే కాదు. సూక్ష్మజీవుల పదార్థాలను పసిగట్టే టోల్ తరహా గ్రాహకాలు కణాల ఉపరితలం మీద, లోపలి సంచుల మీద ఉంటాయి. 1996లో ఈగలో టోల్ గ్రాహకానికి శిలీంధ్రాల నుంచి రక్షణలో పాత్ర ఉన్నట్టు చూపిన పరిశోధన మీకు తెలిసే ఉంటుంది, దానికి 2011లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఐసీనియా ఆండ్రైలో గుర్తించిన టోల్ తరహా గ్రాహకం జీర్ణనాళంలో ఎక్కువగా తయారవుతుంది. గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా సోకినప్పుడు శరీర కుహర కణాలలో దాని తయారీ పెరుగుతుంది. అనెలిడా జన్యుపటాలను చదివినప్పుడు పాలీకీట్లు అనే సముద్రపు ఖండిత పురుగులలో ఒకటైన కాపిటెల్లాలో ఇటువంటి గ్రాహకాల జన్యువులు వందకు పైగా కనిపించగా, హెలోబ్‌డెల్లా అనే జలగలో ఇరవై లోపే కనిపించాయి. మనిషిలో ఇవి పది ఉన్నాయి. ఒకే వర్గంలో ఇంత వ్యత్యాసం ఉన్నదంటే, అనెలిడా రోగనిరోధకత అని ఒక్క మూసలో చెప్పడం కుదరదని అర్థం. అందుకే నేను జాతి పేరు చెప్పి మాట్లాడుతున్నాను.

ఇక కణాల విషయం. మీ పుస్తకంలోని నాలుగు రకాల విభజన ఫెరెటిమాకు సంబంధించినది. ఐసీనియా మీద పనిచేసేవారు రెండు పెద్ద సమూహాలుగా చూస్తారు. అమీబోసైట్లు కదులుతాయి, మిథ్యాపాదాలు చాచి బాక్టీరియాను చుట్టుముట్టి మింగుతాయి, లోపల ఎంజైములతో, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఆక్సిజన్ ఉత్పన్నాలతో దానిని చంపుతాయి. ఎలియోసైట్లు పేగు చుట్టూ ఉండే క్లోరగోజెన్ కణజాలం నుంచి విడివడి ద్రవంలోకి వచ్చినవి, వాటి నిండా పసుపుపచ్చని రేణువులు ఉంటాయి. రైబోఫ్లేవిన్ నిల్వ ఉండడం వల్ల, ఏ రంగూ వేయకుండానే ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శినిలో అవి ఆకుపచ్చ-పసుపు కాంతితో మెరుస్తాయి. పక్కన అమీబోసైట్లు మసకగా, అంచులు అటూ ఇటూ సాగుతూ కనిపిస్తాయి. అవకాశం దొరికితే ఆ దృశ్యాన్ని తప్పక చూడండి, పటంలో గీసిన నాలుగు గుండ్రని బొమ్మల కంటే అది ఎంతో ఎక్కువ నేర్పుతుంది.

మీ రెండో ప్రశ్నకు సమాధానం గోధుమ కాయాలు. మింగలేనంత పెద్దది లోపలికి వస్తే, ఉదాహరణకు నెమటోడ్ పురుగు గాని, మోనోసిస్టిస్ వంటి గ్రెగరైన్ పరాన్నజీవి గాని వస్తే, అమీబోసైట్లు దాని మీద ఒకదానిపై ఒకటి పేరుకుని ఉల్లిపాయ పొరల్లా చుట్టేస్తాయి. విరిగి లోపల పడిన సొంత శూకాలను, చనిపోయిన కణాలను కూడా ఇలాగే చుట్టేస్తాయి. లోపల లిపోఫసిన్ అనే వ్యర్థ వర్ణకం, మెలనిన్ చేరడం వల్ల ఆ ముద్ద గోధుమ రంగుకు మారుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లకు పెరిగిన తరువాత బయటి కణాలు చదునై, కొత్త కణాలు ఇక అతుక్కోకుండా ఒక తొడుగులా ఏర్పడతాయి. ఈ ముద్దలు క్రమంగా శరీరం వెనుక భాగానికి చేరుకుంటాయి. వయసు మీరిన వానపామును కోసి చూస్తే తోక వైపు ఖండితాలలో ముదురు గింజలలా కనిపించేవి అవే. కొన్నిసార్లు వానపాము ఆ చివరి ఖండితాలనే తెంచి వదిలేస్తుంది, వాటితో పాటు చెత్త కూడా వెళ్లిపోతుంది.

ఒక్క మాట చెప్పి ఆపుతాను. మీరు శరీర కుహరం తెరిచి ఉండడాన్ని లోపంగా చూశారు. ఆ ద్రవంలో ఆరోగ్యంగా ఉన్న వానపాములోనే బాక్టీరియా నిత్యం ఉంటుంది, కాని దానిని మింగగల కణాల సంఖ్య అంతకు పది రెట్లకు పైగా ఉంటుంది. వానపాము రక్షణ వ్యవస్థ పని లోపలి ప్రదేశాన్ని పూర్తిగా సూక్ష్మజీవిరహితం చేయడం కాదు, వాటి సంఖ్యను ఎప్పుడూ హద్దులో ఉంచడం. మన ఉదర కుహరంతో పోల్చినప్పుడు వింతగా కనిపించినది, ఈ కోణం నుంచి చూస్తే వింతగా ఉండదు.

జవాబు: ఎరువుగుంట

సూక్ష్మదర్శిని గారూ, చాలా వివరంగా రాశారు, కృతజ్ఞతలు. నేను శాస్త్రం చదువుకున్నవాడిని కాదు, ఖమ్మం జిల్లాలో వర్మీకంపోస్టు చేస్తాను. ఎరువు తీసేటప్పుడు పార తగిలినా, ఎర్రలను చేతిలో గట్టిగా పట్టుకున్నా, వాటి ఒంటి మీద పసుపుపచ్చని జిగురు ద్రవం ఊరుతుంది, ఘాటైన వాసన వస్తుంది. మీరు చెప్పిన శరీర కుహర ద్రవం అదేనా? అదే అయితే, ఎర్రలను అలా ఇబ్బంది పెట్టిన ప్రతిసారీ వాటి రక్షణ కణాలను మనం బయటికి పారబోస్తున్నట్టేనా? బెడ్లలో ఎర్రలు మూకుమ్మడిగా చనిపోయినప్పుడు ఏదో తెగులు సోకిందని మావాళ్లు అంటుంటారు, అది నిజంగా సూక్ష్మజీవుల పనేనా అన్నది కూడా చెప్పగలరు.

జవాబు: సూక్ష్మదర్శిని

ఎరువుగుంట గారూ, మీరు చూసింది అదే. పృష్ఠ రంధ్రాల నుంచి ఆ ద్రవం బయటికి వస్తుంది, దాని పసుపు రంగు ప్రధానంగా ఎలియోసైట్లది. ప్రయోగశాలలో కూడా వానపామును చంపకుండా ఈ కణాలను సేకరించడానికి తక్కువ వోల్టేజి విద్యుత్తును కొద్దిసేపు తగిలిస్తారు, అప్పుడు అచ్చంగా మీరు చెప్పినట్టే ద్రవం ఊరుతుంది. ఖాళీ అయిన కణాలు తిరిగి నిండడానికి వారాలు పడుతుంది. కాబట్టి మీ ఊహ సరైనదే. ఎర్రలను మాటిమాటికీ కెలకకుండా, వెలుతురుకు అవి అడుగుకు దిగేలా చేసి పైపొర ఎరువును తీసుకునే పద్ధతి వాటి ఆరోగ్యానికి మంచిది.

ఆ ద్రవంలో లైసెనిన్, ఫెటిడిన్లు అనే ప్రోటీన్లు ఉంటాయి. వీటిలో లైసెనిన్ పనితీరు చాలా స్పష్టంగా తెలిసింది. 297 అమైనో ఆమ్లాలున్న ఈ ప్రోటీను, కణత్వచంలో స్ఫింగోమైలిన్ అనే కొవ్వు పదార్థం ఉన్నచోట అతుక్కుంటుంది. తొమ్మిది అణువులు వలయంగా చేరి, త్వచంలోకి ఒక గొట్టాన్ని దించి రంధ్రం చేస్తాయి. ఆ రంధ్రం నిర్మాణాన్ని 2016లో అణువుల స్థాయిలో చిత్రించారు. రంధ్రం పడిన కణం తన లోపలి లవణాల సమతుల్యత కోల్పోయి పగిలిపోతుంది. క్షీరదాల ఎర్ర రక్తకణాలు దీనికి వెంటనే లొంగిపోతాయి. ఫెటిడిన్లు కూడా రక్తకణాలను పగలగొడతాయి, వాటితో పాటు బాసిల్లస్ మెగాటీరియం వంటి నేల బాక్టీరియా పెరుగుదలను అడ్డుకుంటాయి. చేతికి పుండ్లు, కోతలు ఉన్నప్పుడు చేతితొడుగులు వేసుకోండి, పని ముగిశాక సబ్బుతో కడుక్కోండి.

మూకుమ్మడి చావుల విషయంలో నా అభిప్రాయం వేరు. పచ్చి పేడ వేస్తే పుట్టే వేడి, అమ్మోనియా, గాలి ఆడకపోవడం, పులిసిపోయిన వ్యర్థాలు, ఇవే చాలా సందర్భాలలో అసలు కారణాలు. చనిపోయిన ఎర్రల మీద కనిపించే బాక్టీరియా ఆ తరువాత వచ్చి చేరినదే. అయితే పరిసరాలు చెడినప్పుడు రక్షణ కణాలు ముందుగా దెబ్బతింటాయన్నది నిజం. రాగి వంటి లోహాలు ఎక్కువైన నేలలో వానపాముల శరీర కుహర కణాలు న్యూట్రల్ రెడ్ అనే రంగును తమ లోపలి సంచులలో ఎక్కువసేపు నిలుపుకోలేవు. నేల కాలుష్యాన్ని కొలవడానికి ఈ లక్షణాన్ని 1990ల నుంచి ఒక పరీక్షగా వాడుతున్నారు. అందువల్ల తెగులు కోసం వెతికే ముందు బెడ్డులో చెయ్యి పెట్టి వేడి చూడటం, వాసన చూడటం మంచిది.

జవాబు: ఉప్పుటేరు

వానపాము గురించి పైన వచ్చినది చదివాక, అనెలిడాలో మిగిలిన రెండు పెద్ద సమూహాలైన సముద్రపు పాలీకీట్లూ జలగలూ ఈ చర్చలో చోటు చేసుకోకపోతే చిత్రం సగమే అవుతుందనిపించింది. సూక్ష్మజీవులను చంపే చిన్న పెప్టైడ్ల (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసుల) సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను.

వానపాములో ఇటువంటి పెప్టైడ్ మొదట 1998లో లంబ్రికస్ రుబెల్లస్ నుంచి లభించింది. దాని పేరు లంబ్రిసిన్, 62 అమైనో ఆమ్లాలు, ప్రోలీన్ ఎక్కువ. కాని నన్ను కట్టిపడేసినది యూరప్ తీరాల ఇసుకలో బొరియలు చేసుకుని బతికే అరెనికోలా మెరీనా. ఆటుపోట్ల మధ్య తడి ఇసుకలో చుట్టలు చుట్టలుగా మట్టి విసర్జనలు కనిపిస్తే అక్కడ అది ఉన్నట్టే. 2004లో రష్యన్ పరిశోధకులు దాని శరీర కుహర కణాల నుంచి అరెనిసిన్ అనే పెప్టైడ్‌ను వేరుచేశారు. అందులో ఉన్నవి కేవలం 21 అమైనో ఆమ్లాలు. గొలుసు మధ్యలో మలుపు తిరిగి రెండు పోగులూ పక్కపక్కన నిలబడతాయి, మూడో స్థానంలోని సిస్టీన్‌ను ఇరవయ్యో స్థానంలోని సిస్టీన్‌తో ఒక గంధకపు బంధం కలిపి ఉంచుతుంది. అంత చిన్న అణువు గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలను రెంటినీ, శిలీంధ్రాలను కూడా చంపుతుంది. బాక్టీరియా త్వచం రుణావేశంతో ఉంటుంది, అరెనిసిన్ ధనావేశంతో ఉంటుంది కనుక అది త్వచానికి అతుక్కుని దానిని ఛేదిస్తుంది. అసలు రూపంలో అది మన రక్తకణాలకు కూడా హాని చేస్తుంది, అందువల్ల ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చిన రూపాలను కొత్త యాంటీబయాటిక్‌లుగా మలచే ప్రయత్నాలు జరిగాయి. మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతున్న ఈ కాలంలో ఇసుకపురుగు నుంచి వచ్చిన ఈ అణువు మీద ఇంత ఆసక్తి ఉండడం న్యాయమే.

అరెనిసిన్ ఒక పెద్ద పూర్వరూపంలో భాగంగా తయారవుతుంది, ఆ పూర్వరూపంలో బ్రికోస్ అనే భాగం ఉంటుంది. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర నివసించే ఆల్వినెల్లా పాంపెజానాలో దొరికిన ఆల్వినెల్లాసిన్ కూడా సరిగ్గా ఇదే కుటుంబం. ఆ పురుగు పసిఫిక్‌లో సుమారు 2,500 మీటర్ల లోతున ఉంటుంది, దాని వీపంతా ఉన్నిలా కనిపించే బాక్టీరియా పోగులతో కప్పబడి ఉంటుంది. ఆ బాక్టీరియా దానికి మేలు చేసేది. వీపు మీద ఏది పెరగాలో ఏది పెరగకూడదో నిర్ణయించడంలో ఆల్వినెల్లాసిన్‌కు పాత్ర ఉందని 2014లో ఫ్రెంచ్ పరిశోధకులు చూపారు.

జలగల కథ మరో దారిలో సాగుతుంది. మన చెరువుల్లో పశువులను పట్టే హిరుడినేరియాను మీరు పాఠంలో చదివే ఉంటారు, కాని రోగనిరోధకత మీద లోతైన పని జరిగినది యూరప్ వైద్య జలగ హిరుడో మెడిసినాలిస్ మీద, నీటిపక్షులను పట్టే థెరోమైజాన్ మీద. థెరోమైజాన్‌లో థెరోమాసిన్, థెరోమైజిన్ అనే పెప్టైడ్లు దొరికాయి. బాక్టీరియా ఎక్కించినప్పుడు వాటి జన్యువులు చురుకవుతాయి. వైద్య జలగలో మరింత ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. దాని నాడీ దండాన్ని గాయపరిచినప్పుడు అక్కడి నాడీ కణాలూ, నాడీ వ్యవస్థలోని రక్షణ కణాలైన మైక్రోగ్లియా కణాలూ స్వయంగా సూక్ష్మజీవులను చంపే పెప్టైడ్లను తయారు చేస్తాయి. అవి బాక్టీరియాను చంపడంతో పాటు తెగిన నాడి తిరిగి పెరగడానికి కూడా తోడ్పడతాయి. నియంత్రిత పరిమాణంలో బాక్టీరియా ఉన్నప్పుడు ఆ నాడి బాగు కావడం వేగవంతమైందని 2008లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. రక్షణ, మరమ్మతు అని మనం వేరుగా చదువుకునే రెండు పనులను ఒకే అణువు చేస్తున్నది.

జవాబు: తులనాత్మకం

జ్ఞాపకం గురించిన మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది, దానికి ప్రయత్నిస్తాను. మీ అధ్యాపకులు చెప్పినది ఒక అర్థంలో పూర్తిగా సరైనది. జన్యు ముక్కలను కలగలిపి కోట్ల రకాల యాంటీబాడీలను తయారు చేయడం, వాటిలో పనికివచ్చిన లింఫోసైట్లను మాత్రమే పెంచి ఏళ్ల తరబడి నిలుపుకోవడం దవడలు గల వెన్నెముక జీవులకే పరిమితం. దవడలు లేని లాంప్రేలకు కూడా జ్ఞాపకం ఉంది, కాని అవి వేరే రకం గ్రాహకాలతో ఆ పని సాధిస్తాయి. వానపాములో ఆ జన్యు యంత్రాంగమేదీ లేదు.

అయితే వానపాముకు పరాయిదాన్ని గుర్తించే శక్తి ఎంత నిశితమైనదో చూపిన ప్రయోగాలు 1960ల నుంచే ఉన్నాయి. అమెరికాలో ఎడ్విన్ కూపర్, ఫ్రాన్స్‌లో పియరె వలెంబ్వా ఒక వానపాము శరీర కుడ్యం నుంచి చిన్న ముక్కను తీసి మరో వానపాముకు అంటుకట్టారు. తన సొంత ముక్కను తిరిగి అంటిస్తే అది శాశ్వతంగా నిలిచింది. వేరే జాతి ముక్కను అంటిస్తే కొంతకాలం తరువాత శరీర కుహర కణాలు దాని మీదికి గుమికూడి, లోపలి కండర తంతువులను తిని, దానిని నాశనం చేశాయి. అదే దాత నుంచి రెండోసారి ముక్కను అంటిస్తే తిరస్కరణ మరింత త్వరగా జరిగింది. ముక్కను తిరస్కరించిన వానపాము కణాలను కొత్త వానపాములోకి ఎక్కించినప్పుడు ఆ వేగం దానికి కూడా సంక్రమించింది. దీనినే కూపర్ జ్ఞాపకానికి సాక్ష్యంగా చూపారు.

దీనిని జ్ఞాపకం అనవచ్చా అన్న దగ్గర నా అభిప్రాయం కూపర్ అభిప్రాయం కంటే జాగ్రత్తగా ఉంటుంది. రెండోసారి స్పందన వేగం అవడానికి అప్పటికే పెరిగి ఉన్న కణాల సంఖ్య, మేల్కొని ఉన్న స్థితి చాలు, ఫలానా దాతను గుర్తుపెట్టుకున్నట్టు అనుకోనవసరం లేదు. ఆ ప్రభావం కొంతకాలమే ఉంటుంది. ఐసీనియాకు పరాయి ప్రోటీను ఎక్కించినప్పుడు దానిని పట్టుకునే పదార్థం ద్రవంలో పెరిగినట్టు, రెండోసారి మరింత పెరిగినట్టు ప్రేగ్ బృందం గమనించింది, కాని దాని నిర్దిష్టత యాంటీబాడీలతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి మీ అధ్యాపకులకు అంటుకట్టు ప్రయోగాలను చూపించండి. ఆ ప్రయోగాలు వానపాముకు యాంటీబాడీ తరహా జ్ఞాపకాన్ని అంటగట్టవు, కాని ఒకసారి ఎదురైన దానికి రెండోసారి స్పందన మారుతుందని మాత్రం స్పష్టంగా చెబుతాయి.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సీసీఎఫ్‌కు, మన శరీరంలో రోగనిరోధక సంకేతాలు మోసే ప్రోటీన్ అయిన ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్‌కు ఒకే చక్కెర జంటను పట్టుకునే గుణం ఉంది. ఆఫ్రికా నిద్రావ్యాధిని కలిగించే ట్రిపనోసోమాను రెండూ పగలగొడతాయి. అయినా వాటి అమైనో ఆమ్లాల వరుసలో ఏ పోలికా లేదు. ఒకటి రెండోదాని నుంచి రాలేదు, పరిణామంలో రెండు దారులు వేరువేరుగా ఒకే పరిష్కారానికి చేరాయి. వానపాము రోగనిరోధకతను మన రోగనిరోధకతకు పాతకాలపు నకలుగా చదవకూడదని నేను నమ్మడానికి ఇది గట్టి కారణం.

మళ్లీ ప్రశ్న: మట్టివాసన

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇంత సమాధానం దొరుకుతుందని ఊహించలేదు. ఉప్పుటేరు గారు ఆల్వినెల్లా వీపు మీద మేలు చేసే బాక్టీరియా గురించి రాసినది చదివాక ఒక కొత్త సందేహం వచ్చింది. లిపోపాలీసాకరైడ్, పెప్టిడోగ్లైకాన్ మేలు చేసే బాక్టీరియాలోనూ ఉంటాయి కదా. సీసీఎఫ్ వంటి అణువులు వాటిని కూడా పట్టుకోవాలి. మరి అవి లోపల ఎలా బతుకుతున్నాయి?

జవాబు: ఉప్పుటేరు

చాలా సరైన ప్రశ్న. దీనికి ఒకే సమాధానం లేదు, రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది స్థానానికి సంబంధించినది. వానపాముల విసర్జక నాళికలైన నెఫ్రీడియాలలో వెర్మినెఫ్రోబాక్టర్ అనే బాక్టీరియా నివసిస్తుంది. తల్లి వానపాము గుడ్లు పెట్టే కోశంలోకి దానిని చేరుస్తుంది, పిండం ఎదుగుతున్నప్పుడు అది కొత్త నెఫ్రీడియాలలో చేరుతుంది. ఇలా తరతరాలుగా సంక్రమిస్తూ వస్తున్నది. అది ఉండేది నాళిక లోపలి కుహరంలో, అమీబోసైట్లు తిరిగే శరీర కుహర ద్రవంలో కాదు. పట్టుకునే అణువు ఉన్నచోట అది లేదు, అది ఉన్నచోట పట్టుకునే కణాలు లేవు.

రెండోది బాక్టీరియా తానే ఎదురుతిరిగే పద్ధతి. వైద్య జలగ అన్నాశయంలో తాగిన రక్తం నెలల తరబడి నిల్వ ఉంటుంది. అంత పోషకాలున్న రక్తంలో ఏ బాక్టీరియా అయినా విజృంభించాలి, కాని అక్కడ ప్రధానంగా ఏరోమోనాస్ వెరోనై, మ్యుసినివొరాన్స్ అనే రెండు రకాలే కనిపిస్తాయి. రక్తంతో పాటు వచ్చిన మన కాంప్లిమెంట్ ప్రోటీన్లు (బాక్టీరియాను చంపే రక్త ప్రోటీన్లు) తాగిన తరువాత కూడా కొంతసేపు పనిచేస్తాయి, వాటికి లొంగే బాక్టీరియా అక్కడే చనిపోతుంది. అంటే జలగ తన అతిథేయి రక్షణ వ్యవస్థను కూడా తన పేగులో వాడుకుంటున్నది. ఆ దశ దాటిన బాక్టీరియాను జలగ సొంత భక్షక కణాలు ఎదుర్కొంటాయి. ఏరోమోనాస్ దగ్గర టైప్ త్రీ స్రావక వ్యవస్థ అనే సూది వంటి యంత్రం ఉంది, దానితో అది భక్షక కణంలోకి ప్రోటీన్లను ఎక్కించి మింగబడకుండా తప్పించుకుంటుంది. ఆ యంత్రం పనిచేయకుండా జన్యువును చెడగొట్టిన ఏరోమోనాస్‌ను జలగకు ఎక్కించినప్పుడు, భక్షక కణాలు దానిని మింగేశాయి, పేగులో దాని సంఖ్య పడిపోయింది. మనుషులలో రోగం కలిగించడానికి బాక్టీరియా వాడే ఆయుధాన్నే ఇక్కడ సహజీవనంలో చోటు నిలుపుకోవడానికి వాడుతున్నది. తెగిపడిన వేళ్లను తిరిగి అతికించిన తరువాత రక్తం గడ్డకట్టకుండా జలగలను వాడే శస్త్రచికిత్సలలో రోగికి ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇవ్వడం కూడా ఈ ఏరోమోనాస్ వల్లనే. జలగలో ఒదిగి ఉన్న అదే బాక్టీరియా గాయం ద్వారా మన కణజాలంలోకి చేరితే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కలిగిస్తుంది.